చెవిలో హోరు

జుమున్‌జిన్,
మార్చి 4, 2007

అన్నయ్యా,

నిన్న ఫోనులో "వదిన ఏమైనా తింటోందా?" అని అడిగాను. "ఆఁ, ఇక్కడ కూడా గాలి తగ్గింది" అన్నావు. "ఆపరేషన్ ఎప్పుడన్నారు?" అంటే "సరే సరే, నువ్వూ జాగ్రత్త" అని పెట్టేశావు. పక్కన చేపలు ఎండేస్తున్న పొరుగావిడ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అందుకే కలం పట్టాను. ఇకమీదట నీతో మాట్లాడాలంటే ఇదొక్కటే దారిలా ఉంది.

ముప్ఫై ఏళ్ళు ఓడల పొట్టలో కూర్చుని ఇనప రేకుల మీద సుత్తులు మోగించావు. చెవులు ఏమవుతాయి మరి? పైగా చెవిలో ఎప్పుడూ గుయ్యిమంటోందని వదిన ఎప్పుడో చెప్పింది. మా రేవులో పాక్ కెప్టెన్ గుర్తున్నాడా, పడవ ఇంజను పక్కనే జీవితమంతా గడిపిన మనిషి? ఆయనకీ అదే పోరు. ఈమధ్య రెండు చెవులకీ మిషన్లు పెట్టుకున్నాడు. "వినబడకపోతే మిషను సరే, చెవిలో మోతకి మిషనేంటి కెప్టెన్‌గారూ?" అని అడిగాను. "బయటి చప్పుళ్ళు లోపలికి రానిస్తే లోపలి గోల తనంతట తనే తగ్గుతుందమ్మా" అన్నాడు. ఇప్పుడు చేపల వేలంపాటలో అందరికంటే ముందు ఆయనే అరుస్తున్నాడు. నువ్వూ ఒకసారి చూపించుకో. వదిన కోసమైనా.

ఇంకో మాట. ఫోనులో మిరాన్ పేరెత్తితే పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టేయలేవు కదా, చదువు. పెళ్ళాన్ని వదిలేసినవాణ్ణి చేసుకుందని నువ్వు కూతుర్ని గడప తొక్కొద్దన్నావు. ఎనిమిదేళ్ళయింది. ఆ అబ్బాయి దాన్ని బాగానే చూసుకుంటున్నాడట. వదిన ఒంట్లో ఇలా ఉన్నప్పుడు కూడా నీ పంతం నీదేనా?

ఎండు చేపలు పంపుతున్నాను. బాగా నానబెట్టి చారు కాచి ఇవ్వు. ముళ్ళు తియ్యడం మర్చిపోకు.

నీ చెల్లెలు,
వొల్‌సన్


తొంగ్యొంగ్, ఆసుపత్రి,
మార్చి 27

వొల్‌సన్,

చేపలు అందాయి. చారు కాచి తెచ్చాను, మూడు చెంచాలు తాగింది. ఆపరేషన్ లేదన్నారు. కడుపు తెరిచి లాభం లేదట. ఆమెకి ఈ మాట చెప్పలేదు కానీ ఆమెకి తెలుసు.

నా చెవులు బాగానే ఉన్నాయి. ఫోను పాతదైపోయింది, అంతే. చెవిలో కీచురాళ్ళు అరుస్తాయంటావా, అరుస్తాయి. పదేళ్ళుగా అరుస్తున్నాయి. ఈ వయసులో ఒకడికి మోకాలు, ఒకడికి నడుము, నాకు చెవి. దానికోసం చెవిలో మిషన్లు దోపుకుని తిరిగితే రేపు రేవులో మావాళ్ళేమంటారు? ముప్ఫైమంది మీద మేస్త్రీగా చేసినవాణ్ణి. "చెవిటి హామ్" అనిపించుకోలేను.

మీ వదిన గ్విబున్ ఇప్పుడు ఆరు మంచాల గదిలో ఉంది. నేను కింద చిన్న మంచం మీద పడుకుంటున్నాను. పక్క మంచం ముసలామెకి తోడుండే ఆవిడ, చోన్‌గారని, మంచి మనిషి. నేను భోజనానికి వెళ్ళినప్పుడు గ్విబున్‌ని కూడా ఆవిడే కనిపెట్టుకుని ఉంటుంది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అది బుస్సుమంటూనే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం కాస్త తేరుకుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నేనూ మాట్లాడాను. ఆమె అడిగినదానికి సరేనన్నాను. మొహం ఒక్కసారిగా తేటపడింది. మేమిద్దరం అలా కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో! ఇన్నేళ్ళ కాపురంలో పని, తిండి, నిద్ర తప్ప మాటలెక్కడివి?

మిరాన్ సంగతి వదిలెయ్. గడప దాటి పోయిన పిల్ల. రావాలనుకుంటే దారి తెలుసు.

హామ్ దొక్సు


జుమున్‌జిన్,
ఏప్రిల్ 12

అన్నయ్యకి,

క్షేమంగా ఇల్లు చేరాను. వదిన బట్టలు ఆమె చెప్పినట్టే గుడికి ఇచ్చెయ్. కిమ్చీ జాడీలు పెరట్లోనే ఉండనీ, ఎండ తగలకుండా గోనె కప్పు.

వదిన పోయిన నలభై తొమ్మిదో రోజున చేసే పూజకి నేను రావడం లేదు. నడుము నొప్పి అనుకో. అనుకోకపోయినా సరే.

నీ గుండె ఇంత రాయి అని చిన్నప్పటినుంచీ నీతో పెరిగిన నాకే తెలియలేదు. నేనేం రాస్తున్నానో నీకు తెలుసు. తెలియదని నటించకు. వదిన మంచం పక్కన కూర్చుని నువ్వు అన్న మాటకి, ఆ తర్వాత చేసిన పనికి నువ్వే ఆమె పటం ముందు కూర్చుని జవాబు చెప్పుకో. నాకు చెప్పక్కర్లేదు.

వొల్‌సన్


జాంగ్‌సుంగ్‌పో,
మే 30

వొల్‌సన్,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఏం తప్పు చేశానో తెలియలేదు. శవాన్ని ఎత్తేటప్పుడు నేను ఏడవలేదనా? ఏడవలేదు, నిజమే. వచ్చినవాళ్ళు ఏదో అంటున్నారు, నేను తలూపుతున్నాను. అందరి పెదవులూ కదులుతున్నాయి. చెవిలో మాత్రం రేకు మీద మరసుత్తి పెట్టినట్టు ఒకటే హోరు. ఆ హోరులో ఏడుపు ఎక్కడ పుట్టాలో అక్కడ పుట్టలేదు.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ మోత ఒక మూల పడి ఉండేది. గిన్నెలు తోమేది, టీవీ పెట్టేది, నా మీద అరిచేది. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఎంత నిశ్శబ్దమైతే అది అంత పెరుగుతోంది. అన్నం ముందు కూర్చుంటే నమిలేది అన్నమో ఆ మోతో తెలియడం లేదు.

పోయిన వారం ఒకటి జరిగింది. బార్లీ నీళ్ళకి కెటిల్ పొయ్యి మీద పెట్టి, మూడడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఉన్నట్టుండి పక్కింటి కాంగ్‌గారి భార్య చెప్పులతోనే లోపలికి వచ్చి నా భుజం పట్టుకుని ఊపేసింది. కెటిల్ ఈల వీధంతా వినబడి వినబడి ఆగిపోయిందట. అప్పటికే అడుగు మాడి ఎర్రబడింది. "ఏవండీ, పెద్దాయనా, మీతోపాటు మమ్మల్నీ తగలబెడతారా!" అంది. అరిచి ఉంటుంది. నేను పెదవులు చూసి పోల్చుకున్నాను.

మర్నాడు పడవెక్కి బుసాన్ వెళ్ళాను, చెవి డాక్టరు దగ్గరికి. నీ మాట నెగ్గింది, సంతోషించు. మందపాటి గోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసి, కాగితం మీద రాసి చూపించింది. "తాతగారూ, నేనింకా ఏ చప్పుడూ పెట్టలేదు."

గీత గీసి చూపించారు. కొండ అంచున దారి తెగిపోయినట్టుంది ఆ గీత. డాక్టరు కూడా ఆడమనిషే, నా ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా ఒక్కో మాటా ఆపి చెప్పింది. లావు చప్పుళ్ళు నాకు అందుతున్నాయట. సన్నవి పోయాయట. చెవినుంచి రావలసిన చప్పుళ్ళు రాకపోతే మెదడు ఊరుకోదట, తనే ఒకటి పుట్టించుకుంటుందట. అదే ఆ కీచురాయి. "దాన్ని చంపే మందు లేదండీ. బయటి చప్పుళ్ళు తిరిగి అందితే చాలామందికి అది తగ్గుతుంది. మీకెంత తగ్గుతుందో పెట్టుకుని చూస్తే గానీ చెప్పలేను" అంది. "ఏ గొంతులు పోయాయి?" అని అడిగాను. "ఆడవాళ్ళవి, పిల్లలవి. నీరసంగా మాట్లాడే ఎవరిదైనా" అంది.

చెవి అచ్చు తీసుకున్నారు. మెత్తటి ముద్ద పోసి, గట్టిపడ్డాక లాగారు. మిషన్లు వచ్చాక మళ్ళీ రమ్మన్నారు.

గ్విబున్ చివరి మూడు రోజులూ తలుపు వైపే తిరిగి పడుకుంది. వరండా దీపం కళ్ళలో పడుతోందేమోనని లేచి తలుపు మూశాను. ఎవరో ఒకరు వస్తూ పోతూ తీసేవాళ్ళు. మళ్ళీ లేచి మూసేవాణ్ణి. కళ్ళు తెరుచుకునే పోయింది. నేనే మూశాను.

నా మీద కోపమెందుకో రాయి.

అన్నయ్య


జాంగ్‌సుంగ్‌పో,
జులై 8

వొల్‌సన్,

నువ్వు జవాబు రాయలేదు. అయినా నేను రాస్తున్నాను.

మిషన్లు పెట్టుకుని ఇవాల్టికి మూడు వారాలు. చిక్కుడు గింజంత ఉంటాయి, చెవి వెనక కూర్చుంటాయి. మొదటిరోజు ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఎవరో వెంటపడుతున్నారని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. నా చెప్పులే. పేపరు తిప్పితే ఎండుటాకులు తొక్కినట్టుంది. ఫ్రిజ్ రోజంతా మూలుగుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రెండు రోజులు తలనొప్పితో తీసి అవతల పెట్టాను. డాక్టరు వదల్లేదు. రోజూ పెట్టుకోవాలి, మెదడు మళ్ళీ నేర్చుకోవాలి అంది.

నేర్చుకుంటోంది. కీచురాయి పోలేదు, కానీ నా తలలోంచి లేచి పక్కింటి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నట్టుంది. రేవులో తాళ్ళు కిర్రుమంటుంటే, సముద్రపు కాకులు అరుస్తుంటే, దాన్ని గంటసేపు మర్చిపోయాను కూడా. పదేళ్ళలో మొదటిసారి. తీసేస్తే మాత్రం మళ్ళీ వచ్చి తన చోట తను కూర్చుంటుంది.

ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు ఎందుకు ఆగానో నన్ను నేనే అడుగుతున్నాను. మేస్త్రీననట!

నిన్న కాంగ్‌గారి భార్య గోడ అవతల మనవరాలితో మెల్లగా మాట్లాడుతోంది. అడ్డే లేనట్టు ప్రతి మాటా వినబడింది. "తిన్నావా? ఇంకొంచెం పెట్టనా?" అంతే, మరేమీ లేదు. నేను కూరకి తరుగుతున్న ముల్లంగి అక్కడే వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ గొంతు అచ్చం గ్విబున్ గొంతులాంటిదే, సన్నగా.

నీకొక అబద్ధం రాశాను చెల్లీ. ఆసుపత్రిలో ఆవేళ మేమిద్దరం మాట్లాడుకున్నామని రాశాను. మాట్లాడుకోలేదు. ఆమె మాట్లాడింది. నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఆక్సిజన్ బుస, చెవిలో హోరు, ఆమె పెదవులేమో ఎండిపోయి సరిగా కదలడమే లేదు. మళ్ళీ చెప్పమంటే ఆ ఉన్న కాస్త ఊపిరీ ఖర్చయిపోతుందని భయం. "ఆఁ" అన్నాను. ఆమె ఏదో అడుగుతున్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. "సరే, అలాగే" అన్నాను. ఇంకోసారి అడిగింది. "చేస్తాను, చేస్తాను" అని తలూపాను. అప్పుడు నవ్వింది చూడు, పెళ్ళినాటి నవ్వు. అందుకే నాకు నేనే నమ్మించుకున్నాను, మాట్లాడుకున్నామని. రాస్తే నిజమవుతుందనుకున్నాను.

బహుశా తన పటం ఏది పెట్టాలో చెప్పి ఉంటుంది. లేదా జాడీల సంగతి. అంత చిన్నదే అయినా నాకు తెలియాలి. ఆ గదిలో చోన్‌గారు ఉంది. అంత్యక్రియలప్పుడు ఆవిడ నీతో చాలాసేపు మాట్లాడటం చూశాను. నీకేమైనా చెప్పిందా? తెలిస్తే రాయి. ఎంత చేదుదైనా సరే.

అన్నయ్య


జుమున్‌జిన్,
జులై 20

అన్నయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు ఏమీ తెలియదని రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ నువ్వు ఆ ఆవిడ దగ్గరికే వెళ్ళి అడుగుతావు, నువ్వేంటో నాకు తెలుసు. ఎవరో బయటివాళ్ళ నోట వినడం కంటే నా చేతిరాతలో చదువుకో. కూర్చుని చదువు.

ఆసుపత్రి కింద, శవం ఉంచిన హాల్లో, చోన్‌గారు వచ్చి పటానికి దణ్ణం పెట్టింది. నన్ను పక్కకి పిలిచింది. "కూతురు రాలేదా అమ్మా?" అంది. తల అడ్డంగా ఊపాను. అప్పుడు చెప్పింది.

వదిన ఆరోజు నీతో అన్నది ఇది: "మిరాన్‌ని పిలవండి. నంబరు నా కుట్టుపెట్టెలో ఉంది. మీరే చెయ్యండి, మీరు పిలిస్తేనే అది వస్తుంది. ఒక్కసారి చూసి పోతాను." నువ్వు సరేనన్నావు. ఇంకోసారి అడిగితే "చేస్తాను, చేస్తాను" అన్నావు. నువ్వు భోజనానికి వెళ్ళాక వదిన చోన్‌గారికి చెప్పుకుని మురిసిపోయిందట. "వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళకి ఒప్పుకున్నాడు" అని. జుట్టు దువ్వమని అడిగిందట. మర్నాడు ఎవరూ రాకపోతే చోన్‌గారు "నేను ఫోన్ చెయ్యనా?" అంది. "వద్దు, వాళ్ళ నాన్న చేస్తానన్నాడు. దూరం కదా, బస్సు దొరకాలి" అందట. మూడోరోజు మాత్రం "రానంది కాబోలు" అని గోడ వైపు తిరిగిందట. కాసేపటికి మళ్ళీ తలుపు వైపే తిరిగింది.

ఇప్పుడు నా సంగతి విను. వదినకి జబ్బని మిరాన్‌కి నేను చెప్పలేదు. వదినే చెప్పొద్దంది. "ఆయన పిలవకుండా వస్తే వాకిట్లోనే రభస అవుతుంది, ఆయన మెత్తబడేదాకా ఆగు" అంది. ఆగాను. చోన్‌గారు చెప్పింది విని, నువ్వు పిలిచావు, అదే రాలేదు అనుకున్నాను. ఇంటికి వచ్చి దానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "కన్నతల్లి పోతే రాలేనంత పనేంటే నీకు?" అన్నాను. అటునుంచి "అత్తా, ఎవరి అమ్మ?" అంది.

దానికి ఆ సంగతి అలా తెలిసింది అన్నయ్యా. నా తిట్లలో.

అప్పుడు నీ మీద పడింది నా కోపం. మాట ఇచ్చి, పంతం కొద్దీ కావాలనే పిలవలేదు అనుకున్నాను. పైగా నువ్వు ముందు రాసిన ఉత్తరంలో ఏముంది? "రావాలనుకుంటే దారి తెలుసు." ఆ తర్వాత ఉత్తరంలో తలుపు మూశానని రాశావు. ఆ ముక్క చదివి కాగితం పొయ్యిలో పడెయ్యబోయాను. నీకు వినబడలేదన్న ఆలోచనే నాకు రాలేదు. నీ చెవుల గురించి మొట్టమొదట రాసింది నేనే, అయినా రాలేదు.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను, దాచి ఏం చేసుకోను? రెండేళ్ళ కిందట మిరాన్ మీ ఇంటికి ఫోన్ చేసిందట. నువ్వు ఎత్తావు. "నాన్నా, నేను" అంది. "ఎవరు? ఎవరయ్యా?" అని రెండుసార్లు అని పెట్టేశావట. దాని గొంతు గుర్తుపట్టి కూడా కావాలని అలా అన్నావని అది ఇప్పటికీ నమ్ముతోంది.

నిన్ను రాయి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దానికి బదులు ఏం రాయాలో తెలియడం లేదు.

వొల్‌సన్


జాంగ్‌సుంగ్‌పో,
జులై 27

చెల్లీ,

ఉత్తరం అందింది.

కుట్టుపెట్టె తెరిచాను. పైనే ఉంది, దారపు ఉండల మీద. నాకు కళ్ళజోడు లేకపోయినా కనబడాలని క్యాలెండరు కాగితం వెనక ఒక్కో అంకె వేలెడంత రాసింది. కింద "మిరాన్" అని రాసి, పక్కన "వాళ్ళాయన ఎత్తితే మర్యాదగా మాట్లాడండి" అని రాసింది. ఆసుపత్రికి వెళ్ళేముందే రాసి పెట్టుకుందన్నమాట.

దానికి ఫోన్ చేస్తాను. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

దొక్సు


జుమున్‌జిన్,
ఆగస్టు 5

అన్నయ్యా,

తొందరపడకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, నా మాట విను.

మిరాన్‌కి ఇప్పుడు తెలిసింది వాళ్ళమ్మ పోయిందని, ఎవరూ చెప్పలేదని. అంతే. అమ్మ ఉన్నట్టుండి పోయింది, ఎవరినీ పిలిచే వ్యవధి లేకపోయింది అంటే కొన్నాళ్ళకి మనసు సర్దుకుంటుంది. మూడు రోజులు తలుపు వైపు చూసింది, జుట్టు దువ్వించుకుంది, చివరికి కూతురే రానందనుకుని పోయింది అంటే ఎలా మోస్తుంది అది ఆ బరువు? దానికీ ఒక పిల్ల ఉంది.

ఒకవేళ ఏదో ఒకటి చెప్పక తప్పదంటే నా మీద పెట్టు. ఫోన్ చెయ్యమని వదిన నాకు చెప్పిందని, నేను మర్చిపోయానని చెప్పు. నేనూ అదే చెప్తాను. దానికి నేను అత్తని, అంతకంటే ఎక్కువేం కాను. అత్త మీద కోపం పెట్టుకుని మనిషి హాయిగా బతికెయ్యొచ్చు. తండ్రి మీద పెట్టుకుని బతకలేదు. నీకు మిగిలింది అదొక్కతే. వినబడీ వినబడక ఆ ఒక్కర్నీ ఇన్నాళ్ళు పోగొట్టుకున్నావు. వినబడేవేళ మళ్ళీ పోగొట్టుకుంటావా?

జవాబు రాసేదాకా ఫోన్ చెయ్యకు.

నీ వొల్‌సన్


జాంగ్‌సుంగ్‌పో,
సెప్టెంబరు 16

చెల్లీ,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండానే ఫోన్ చేశాను. తిట్టుకో.

నువ్వు రాసిందాంట్లో తప్పేమీ లేదు. చాలా రోజులు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. కానీ ఒక్కచోట నువ్వు పొరబడ్డావు. అమ్మ ఉన్నట్టుండి పోయిందని అది అనుకోవడం లేదు. నెలల తరబడి జబ్బుపడి, చివరికంటా తెలివిగా ఉండి కూడా తనని అడగలేదనుకుంటోంది. "ఆఖరికి అమ్మ కూడా మీ మాటే విందన్నమాట" అని ఫోన్లో దాని మొదటి మాటే అది. నా పరువు కోసం నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల జన్మంతా తల్లికి అక్కర్లేని కూతురిలా బతకాలి. గ్విబున్ అడిగింది. రెండుసార్లు అడిగింది. ఆ మాట దానికి చేరాలి, అది దాని సొత్తు. నా మీద ఏం మిగుల్తుందన్నది తర్వాత సంగతి.

ఫోన్లో దాని గొంతు నాకు స్పష్టంగా వినబడింది. ఎనిమిదేళ్ళ తర్వాత అని జనం అంటారు. నాకు అంతకంటే ఎక్కువే. ఇంట్లో ఉన్నప్పుడే చివరి రెండు మూడేళ్ళు నేను దాని మాటలు సగమే విన్నాను. మిగతా సగం మొహం చూసి ఊహించుకుని కోప్పడ్డాను. ఆ పెళ్ళి గొడవ రోజున అది నిజంగా ఏమందో కూడా నాకు ఇప్పుడు ఖాయంగా తెలియదు.

నిన్న పొద్దుటి బస్సుకి ఒక్కతే వచ్చింది. చిక్కిపోయింది. గడప దగ్గర ఆగింది. "రామ్మా" అన్నాను. తల్లి పటం ముందు సాష్టాంగపడి చాలాసేపు లేవలేదు. లేచి నా ఎదురుగా కూర్చుంది. నా చెవుల వైపు చూసి "ఇవెప్పుడు?" అంది.

"జూన్లో. ఇప్పుడు వినబడుతోంది. నువ్వు మెల్లగా మాట్లాడినా వినబడుతుంది."

"నాతో ఏదో చెప్పాలన్నారు."

చెప్పాను. మధ్యలో ఆపకుండా మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. కుట్టుపెట్టెలో కాగితం తీసి చేతికిచ్చాను. అది చదివి, మడిచి, మళ్ళీ విప్పింది.

"మూడు రోజులా?" అంది.

"మూడు రోజులు."

"ఆ మూడు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను నాన్నా. పాపకి జలుబు చేసిందని సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. నాలుగు గంటల దారి." తర్వాత అడిగింది: "అమ్మ సరిగ్గా ఏమంది? ఏ మాటలంది?"

"నాకు తెలియదమ్మా. నేను వినలేదు. పక్కనున్నావిడ చెప్పిందే నీకు చెప్పాను."

"ఒక్కసారి, ఏంటీ అని అడగొచ్చు కదా. ఏమన్నావు, మళ్ళీ చెప్పు, అని."

"అడగొచ్చు."

"ఎందుకడగలేదు?"

ఆమె ఊపిరి ఖర్చవుతుందని భయపడ్డాను అని చెప్పబోయాను. అదీ నిజమే. కానీ అదొక్కటే కాదు చెల్లీ. ఇన్నేళ్ళూ ఎవరినీ మళ్ళీ చెప్పమని అడగలేదు నేను, సిగ్గుతో. చచ్చిపోయే మనిషి దగ్గర కూడా ఆ అలవాటే వచ్చింది. "సిగ్గేసింది" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, "నాన్నా, నేను మిమ్మల్ని క్షమించి వెళ్దామనే వచ్చాను. దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాకు చేతకావట్లేదు" అంది.

"వద్దులే" అన్నాను.

సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. కుట్టుపెట్టె తీసుకెళ్ళింది. అన్నం తినలేదు. మళ్ళీ వస్తానని గానీ రానని గానీ అనలేదు. ఫోన్ చెయ్యమని నేను అడగలేదు. నువ్వు కూడా దాన్ని ఒత్తిడి చెయ్యకు. ఫోన్ చేస్తే మాత్రం తిట్టినందుకు నీ సంగతి నువ్వు చెప్పుకో.

వెళ్ళేముందు ఒకటి జరిగింది. అది రాద్దామనే కూర్చున్నాను అసలు.

నాతో ఆ మాట అన్నాక లేచి తల్లి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు, నోట్లో ఏదో గుడ్డ కుక్కుకున్నట్టుంది. అయినా ప్రతి వెక్కిలీ వినబడింది. మధ్యలో "అమ్మా, నేను రానన్లేదే" అంటోంది. మళ్ళీ మళ్ళీ అదే మాట. ఏడాది కిందటైతే అదే ఇంట్లో, అదే చోట కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి. నాకేమీ తెలిసేది కాదు.

గంట పైన ఏడ్చింది. నేను తలుపు ఇవతల నేల మీద కూర్చున్నాను. ఒక దశలో భరించలేక నా చెయ్యి దానంతట అదే చెవి దాకా వెళ్ళింది. ఒక్క వేలు చాలు, తీసేస్తే కీచురాయి వచ్చి అన్నీ కప్పేస్తుంది.

తియ్యలేదు. అది ఏడుపు ఆపేదాకా విన్నాను.

అన్నయ్య